విస్తరి మీద చెయ్యి

అచ్యుతయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు. పని పూర్తయ్యేలోపు సగం మంది తమ ప్రశ్న మర్చిపోతారు, మిగతావాళ్ళకి జవాబు దానంతటదే దొరుకుతుందని ఆయన నమ్మకం. నాగావళి ఒడ్డున ఆయన నడిపే ఆశ్రమంలో ప్రశ్నలు తక్కువగానూ, కూరపాదులు పచ్చగానూ ఉండడానికి ఇదే కారణమని నా అనుమానం. నేను అక్కడికి వేదాంతం కోసం కన్నా భోజనం కోసమే ఎక్కువ వెళ్తానని మా ఇంట్లో అంటారు. కాదనను.

ఆయన శిష్యుల్లో భానోజీ కొత్తవాడు. అంతకుముందు ఒక విత్తనాల కంపెనీ ప్రయోగశాలలో పనిచేశాడు. జన్యువులు మార్చిన గింజల్నీ, వాటినుంచి తీసిన నూనెల్నీ పరీక్షించి, మనిషి తినొచ్చో లేదో తేల్చడం అతని ఉద్యోగం. అబద్ధం చేతకాని మనిషి. అందుకే ఉద్యోగం వదిలేసినా అతని మాటంటే కంపెనీవాళ్ళకి గురి పోలేదు. వాళ్ళు త్వరలో ఒక సోయా నూనె అమ్మకానికి తేబోతున్నారు. అది జన్యువులు మార్చిన గింజల నూనె అని డబ్బా మీద రాయాలా, అక్కర్లేదా, నీ అభిప్రాయం చెప్పమని అతన్ని అడిగారు.

ఒక ఉదయం మేమంతా వింటూండగా అతను గురువుగారి ముందు ఆ సంగతి పెట్టాడు.

“గురువుగారూ, ఆ నూనెని పరీక్షించింది నేనేనండీ. ఎన్ని విధాల చూసినా దానిలో నాకు హాని కనబడలేదు. మా అమ్మకి వండి పెట్టమన్నా పెడతాను. అటువంటిదాని మీద ఆ మాట రాస్తే జనం బెదిరిపోతారు. రాయకపోతే హాయిగా తింటారు. హాని లేనప్పుడు చెప్పకపోవడం తప్పవుతుందా?”

నిజం చెప్పొద్దూ, నాకు అతని మాట సబబుగానే తోచింది. గురువుగారికీ తోచిందేమో, తల ఊపి, “పంక్తిలో వడ్డనకి మనిషి తక్కువయ్యాడు. కొన్నాళ్ళు నువ్వు చూసుకో నాయనా” అన్నారు.

ఆ ఆశ్రమంలో వడ్డనకి ఒక పద్ధతుంది. వడ్డించేవాడు ఒక్కొక్కరి ముందూ ఆగి, పదార్థం పేరు చెప్పి, ఒక్క క్షణం ఊరుకోవాలి. కావలసినవాళ్ళు మాట్లాడరు. వద్దనుకున్నవాళ్ళు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. ఎందుకు వద్దని ఎవరూ అడగరు. ఒకరికి పడదు, ఒకరికి నచ్చదు, ఒకరికి ఆరోజు ఉపవాసం. ఆ చెయ్యి చూసి వడ్డించేవాడు ముందుకి కదిలిపోతాడు, అంతే.

భానోజీ వడ్డించిన మొదటి రోజున ఆనపకాయ పులుసు పెట్టారు. మా వంటవాడు ఏదీ పారెయ్యడు గనక, చెక్కిన తొక్కల్ని వేయించి, నువ్వులూ చింతపండూ వేసి పచ్చడి నూరాడు. భానోజీ పద్ధతి ప్రకారం “ఆనపకాయ తొక్కల పచ్చడి” అన్నాడో లేదో, రెవెన్యూలో పనిచేసి రిటైరైన పైడయ్యగారు మొహం చిట్లించారు. “తొక్కలు మేకలకి పెడతారయ్యా, మనుషులకి కాదు” అని చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన్ని చూసి పక్కాయన పెట్టాడు, పక్కాయన్ని చూసి నేనూ పెట్టాను. గిన్నె నిండుగా వెళ్ళి నిండుగానే వెనక్కొచ్చింది. వంటింట్లో దాన్ని రుచి చూసిన భానోజీకి ఉక్రోషం వచ్చింది. అంత మంచి వస్తువు కేవలం పేరు మూలంగా పాడైపోయిందే అని!

ఆ ఏడు ఆనపపాదులు విరగకాశాయి. మళ్ళీ అదే పచ్చడి చేసిన రోజున భానోజీ గిన్నె పట్టుకుని, “పచ్చడి” అని మాత్రం అన్నాడు. మేమంతా లొట్టలేసుకుంటూ తిన్నాం. పైడయ్యగారు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. గురువుగారు కూడా రెండోసారి వేయించుకున్నారు. భానోజీ మొహం వెలిగిపోయింది.

చేతులు కడుక్కునే చోట వరహాలమ్మ అతన్ని పలకరించింది. పక్క ఊరినుంచి రోజూ భజనకి వచ్చి, భోజనం చేసి వెళ్ళే పెద్దావిడ ఆమె.

“పచ్చడి బలేగుంది బాబూ. ఏటేసి నూరినారు?”

“ఆనపకాయ తొక్కలమ్మా! చూశారా, పేరు చెప్పకపోతే అందరూ ఎంత ఇష్టంగా తిన్నారో!”

పైడయ్యగారు ముందు నోరెళ్ళబెట్టి, తరవాత పకపకా నవ్వేశారు. “నాచేత తొక్కలు తినిపించావటయ్యా, గట్టివాడివే!” అన్నారు. మేమూ నవ్వాం. వరహాలమ్మ ఒక్కతే నవ్వలేదు. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“ఆనపకాయ నాను కాశీల ఒగ్గీసినాను బాబూ” అంది.

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలిపెట్టి, మళ్ళీ జన్మలో ముట్టకపోవడం మనకి తెలిసిందే. ఆమె భర్త అస్థికలు కలపడానికి వెళ్ళినప్పుడు ఆనపకాయ వదిలింది. ఆయనకి అదంటే ప్రాణమట. పాదు పెట్టడం దగ్గర్నుంచి లేతకాయ ఏరి కోసి తేవడం దాకా అన్నీ ఆయనే చూసుకునేవాడట. ఆయన లేనప్పుడు అది తన నోటికెందుకని వదిలేసింది. ఆయన కోసం ఆమె చెయ్యగలిగింది ఇంకేమీ మిగల్లేదు, ఇదొక్కటీ చేస్తూ వచ్చింది. ఈ సంగతి మాలో ఎవరికీ తెలీదు. పేరు వినగానే చెయ్యి అడ్డం పెట్టే మనిషిని కారణం ఎవరడుగుతారు?

భానోజీ కంగారుపడి, తనకి బాగా తెలిసిన మాటే అన్నాడు. “భయపడకండమ్మా. అది ఒంటికి మంచిదే. మీకేమీ కాదు.”

“నాకేటైపోద్దని కాదు బాబూ. పేరు సెప్పుంటే సెయ్యి అడ్డెట్టుకుందును కదా.”

అంతకుమించి ఏమీ అనలేదు. పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. అంతసేపూ నవ్విన మాకు ఎటు చూడాలో తెలియలేదు.

మర్నాడు ఆమె వస్తుందో రాదో అనుకున్నాం. వచ్చింది, ఎప్పటి చోటే కూర్చుంది. భానోజీ ప్రతి పేరూ విడమరచి చెబుతూ వడ్డించాడు. “కందిపప్పు” అన్నాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “వంకాయ కూర” అన్నాడు. మళ్ళీ చెయ్యి. అన్నం, మజ్జిగ మాత్రం వేయించుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళకీ అనుమానం పట్టుకుంది. “పప్పేనా? ఇంకేమైనా కలిపారా?” అని ఒకరు. పైడయ్యగారు నవ్వుతూనే గరిటెలోకి తొంగి చూశారు.

భానోజీకి ప్రాణం చివుక్కుమంది. గిన్నె కింద పెట్టి వరహాలమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“తప్పయిపోయిందమ్మా. కానీ ఇది ఉత్త పప్పు. నా మాట నమ్మండి.”

“నీ మీద కోపం లేదు బాబూ. కంటికి అవుపడిందే తింతన్నాను, అంతే.”

కొన్నాళ్ళకి తొక్కల పచ్చడి మళ్ళీ చేశారు. ఈసారి భానోజీ పూర్తి పేరు చెప్పి ఆగాడు. పైడయ్యగారు క్షణం ఆలోచించి, “వెయ్యవయ్యా, మేకలకి మాత్రం ఎందుకు మిగల్చాలి?” అన్నారు. ఆయన పక్కాయన వేయించుకున్నాడు, నేనూ వేయించుకున్నాను. వద్దన్నవాళ్ళు కొందరున్నారు. వరహాలమ్మ చెయ్యి సరే, అతను దగ్గరికి రాకముందే విస్తరి మీద ఉంది. తరవాత పప్పు గిన్నె వచ్చినా ఆ చెయ్యి తియ్యలేదు.

భోజనాలయ్యాక గురువుగారు అరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తళ్ళు కుడుతున్నారు. నేను ఆకులు అందిస్తున్నాను. భానోజీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“పచ్చడిలో దోషం లేదండీ” అన్నాడు.

“లేదు. నేను రెండోసారి వేయించుకున్నాను కదా.”

“తొక్కలని తిట్టిన పైడయ్యగారు ఇవాళ పేరు విని మరీ వేయించుకున్నారు.”

“చూశాను.”

“మరి ఆవిడ పప్పు ఎందుకు ముట్టుకోరండీ? పప్పు ఏం చేసిందని?”

“పప్పు ఏమీ చెయ్యలేదు” అన్నారు గురువుగారు.

భానోజీ ఒక ఆకు తీసుకుని ఈనె తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, “కంపెనీవాళ్ళు తొందరపెడుతున్నారండీ. నూనె మంచిదేనని రాస్తాను, అది నిజం. డబ్బా మీద సంగతి ఏం రాయమంటారు?” అని అడిగాడు.

గురువుగారు కుట్టిన విస్తళ్ళ కట్ట ఎత్తి అతని ఒళ్ళో పెట్టారు.

“రాద్దువుగానిలే నాయనా. ముందు వరహాలమ్మ విస్తరి మీంచి చెయ్యి తియ్యనీ.”