పై మరకు పంపిన అంబలి

అనగనగా తూర్పు కొండలకీ సముద్రానికీ నడుమ ఒక బుల్లి ఏరు ఉండేది. ఎంత బుల్లిదంటే, పొద్దున్నే చద్దన్నం తిని కొండ మీంచి బయలుదేరినవాడు మధ్యాహ్నం అన్నం వేళకి సముద్రపు ఒడ్డు చేరేవాడు. అయినా ఆ ఏరు మూడు మరలు తిప్పేది. నీళ్లు చక్రం మీద పడేవి, చక్రం తిరిగేది, దానితోపాటు లోపలి రాళ్లు తిరిగి గింజల్ని పిండి చేసేవి.

పై మర కూర్మన్నది. నడిమి మర దాలినాయుడిది. సముద్రం పక్కనున్న కింది మర పైడమ్మది. భర్త పోయాక ఆమే దాన్ని నడుపుకుంటూ పిల్లల్ని సాకుతోంది.

వేసవిలో ఏరు సన్నబడేది. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. పై మర మధ్యాహ్నం దాకా ఆడాలి. తర్వాత అడ్డుకట్టకున్న తూము పలకలు ఎత్తి నీళ్లు కిందికి వదలాలి. ఇంకో ముచ్చట కూడా ఉండేది. కొత్త చోళ్లు, అవే రాగులు, ఇంటికి రాగానే మిగతా రెండు మరలవాళ్లు తొలి పిండితో అంబలి కాచి పై మరకు పంపాలి. నీళ్లు పంపిన చేతికి అది మర్యాద. పై మరవాడు ఆ ముంత అడుగంటా తాగాలి. వద్దనడానికి లేదు.

కూర్మన్న చెడ్డవాడేం కాదు. పాపం, భయస్థుడు. చిన్నతనంలో ఒక కరువు ఏడు మర ఆగిపోయి, పొయ్యి వెలగక, తల్లి ఒట్టి నీళ్లు తాగి పడుకోవడం చూశాడు. అప్పటినుంచీ చక్రం చప్పుడు ఆగిందంటే ఆయన గుండెల్లో రాయి పడేది.

ఒక వేసవిలో ఎండలు బాగా ముదిరాయి. కూర్మన్న తన అడ్డుకట్ట మీద ఒక వరస రాళ్లు పేర్చాడు. పలకలు ఎత్తడం మానేశాడు. ఆయన చక్రం రోజంతా తిరిగింది. దాని మీంచి జారిన కాసిని నీళ్లలో సగం దారిలో ఇసుకే తాగేసింది. నడిమి మర మూలుగుతూ తిరిగింది. దాలినాయుడు వచ్చి అడిగితే, వానలు పడనీ చూద్దామన్నాడు కూర్మన్న.

రెండో వరస పేర్చాడు. నడిమి మర ఆగిపోయింది, కింది మరా ఆగిపోయింది. గింజలన్నీ బళ్లెక్కి కూర్మన్న గుమ్మానికే వచ్చాయి. ఊరి పెద్దలు వచ్చి నచ్చచెప్పారు. వాళ్లకి చల్లని మజ్జిగ ఇచ్చాడు గానీ, వాళ్ల మాటను మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

మూడో వరస కూడా పేర్చాడు. ఇక ఏటి నోట్లో నీళ్లే లేవు. తలుపు తీసి ఉన్న ఖాళీ ఇంట్లోకి ఎవరికైనా దూరాలనే అనిపిస్తుంది కదా. సముద్రం పోటు మీద లోపలికొచ్చి కూర్చుంది. ఏటి ఒడ్డున చోడి చేలు చాలావరకు మాడిపోయాయి. నూతుల్లో నీళ్లూ పాడయ్యాయి.

దాలినాయుడికి ఒళ్లు మండింది. గునపాలు పట్టుకెళ్లి కట్ట తవ్వేద్దామన్నాడు. పదిమంది లేచారు కూడా. పైడమ్మ వాళ్లకి అడ్డం నిలబడింది. కట్ట ఒక్కసారి తెగితే ఆ నీళ్లు ముందు మన మరల్నే ఊడ్చుకుపోతాయని చెప్పి, తాను వెళ్లొస్తానంది. వెళ్లి ఏమడుగుతావన్నాడు దాలినాయుడు. ఏమీ అడగను, మర్యాద తీర్చి వస్తానంది.

మర ఆగిపోయింది కనుక, దక్కిన కాసిని చోళ్లనీ చేతి తిరగలి మీద విసిరింది. అంబలి కాచి ముంతలో పోసి, నెత్తిన పెట్టుకుని, ఎండలో కొండదారి పట్టింది.

ఆమెను చూసి కూర్మన్న తడబడ్డాడు. తిట్లకి సిద్ధపడి ఉన్నవాడు ముంతను చూసి సిగ్గుపడ్డాడు. నీళ్లివ్వని ఏడు కూడా అంబలి తెచ్చిందే అనుకున్నాడు. రెండు చేతులా అందుకుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించాడు.

"ఉప్పు ఎక్కువేసేసావు, సెల్లీ."

"ఉప్పు నాను ఎయ్యనేదన్నా. మా నూతి నీళ్లే అలాగైపోనాయి."

కూర్మన్న ముంత దించాడు. పిల్లలు కూడా అవే తాగుతున్నారా అని మెల్లిగా అడిగాడు.

"అవే తాగుతున్నారు. మాకు ఇంకో నుయ్యి నేదు గదా."

ముంత అడుగంటా తాగాలి. అది కట్టుబాటు. ఆయన తాగాడు. ఒక్కొక్క గుక్కా గొంతు కోస్తున్నా తాగాడు. ఒట్టి నీళ్లు తాగి పడుకున్న తల్లి గుర్తొచ్చింది. ఆమెకి తాగడానికి మంచినీళ్లైనా ఉన్నాయి. ఈ పిల్లలకి అవీ లేకుండా చేశానే అని ఆయనకి ఏడుపొచ్చింది.

లేచి వెళ్లి పలకలు ఎత్తాడు. అన్నీ ఒక్కసారి కాదు. ఒకటి ఎత్తి, కింద ఏరు సర్దుకున్నాక ఇంకొకటి. పైడమ్మ కొంగు బిగించి కట్ట మీది రాళ్లు దించింది. పైన చక్రం మెల్లబడి, ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. కూర్మన్న గట్టు మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. కాసేపటికి కింద మలుపులోంచి దాలినాయుడి మర కదిలిన చప్పుడు వినిపించింది. అది వింటూ ఉంటే ఆయన మనసు కుదుటపడింది.

ఏరు కిందికి పోయి, సముద్రాన్ని దాని చోటికి సాగనంపింది. నూతులు మాత్రం వెంటనే బాగుపడలేదు. వానలొచ్చేదాకా కూర్మన్న రోజూ కావడితో మంచినీళ్లు మోసి పైడమ్మ ఇంట్లో పోశాడు. దాలినాయుడు ఆయనతో మాట్లాడ్డానికి ఇంకా ఎక్కువ కాలమే పట్టింది.

మరుసటి ఏడు కొత్త చోళ్లు రాగానే పైడమ్మ అంబలి తెచ్చింది. కూర్మన్న ఒక గుక్క తాగి నవ్వాడు.

"ఈ ఏడు ఉప్పు మరిసిపోనావు, సెల్లీ."

"మరిసిపోనేదన్నా. నువ్వు అడిగితే యేద్దారని తెచ్చాను" అని, ఆమె కొంగు ముడి విప్పి చిటికెడు ఉప్పు వేసింది.

పిల్లలూ, పారే నీరు పదిమందిది. కిందివాడి గొంతు ఎండగట్టి దాచుకున్న నీరు చివరికి దాచినవాడి నోటికీ ఉప్పగానే తగులుతుంది.