ఏడు దగ్గర ఆగిన మీటరు

రిఫైనరీ మురుగునీటి శుద్ధి విభాగంలో పీహెచ్ మీటరు పొద్దుటినుంచీ ఏడు మీద భీష్మించుకు కూర్చుంది. ఏడంటే అటు ఆమ్లమూ కాదు, ఇటు క్షారమూ కాదు. మంచి అంకె కదా అని అందరూ నిశ్చింతగా టీకి వెళ్లారు.

కొత్త కెమిస్టు హైమావతికి మాత్రం మనసొప్పలేదు. ఇన్ని రకాల నీళ్లు వచ్చి పడుతుంటే అంకె కదలదేం? మీటరు గాజుమొనకు నూనె పట్టేసి ఉంటుంది. ఆ నీళ్లు నిజంగా ఆమ్లమైతే, వాటిని వదిలే గేటు ఎత్తగానే పక్క చెరువులో మురికిని తిని బతికే సూక్ష్మజీవులన్నీ చస్తాయి. చెరువు మళ్లీ కోలుకోవాలంటే నెలలు పడుతుంది.

అసలు అంకె తేలేదాకా గేటు ఎత్తనిచ్చేది లేదనుకుంది. సీసా పట్టుకుని నీళ్ల గొయ్యి దగ్గరికి విసవిసా నడిచింది. కుళ్లిన గుడ్ల కంపు గుప్పున కొట్టింది. పంతం పట్టినట్టు అక్కడే నిలబడింది. కాసేపటికి కంపు పోయింది. హమ్మయ్య అనుకుని గట్టు మీద మోకాళ్లూని వంగబోయింది.

"హైమా, వెనక్కి రా!"

ఆమెకు పని నేర్పుతున్న ఖాదర్ గారి గొంతది. ఆయన ఎన్నడూ అరవరు. ఉలిక్కిపడి, ఆయన చెయ్యి చూపిన వైపు, గాలికి ఎదురుగా పరుగెత్తింది.

"వాసన పోయింది సార్. ఒక్క క్షణంలో నీళ్లు పట్టేస్తాను," అంది మొండిగా.

ఆయన వాదనకు దిగలేదు. విషవాయువును పసిగట్టే గ్యాస్ అలారం ఒకటి తెచ్చి, పొడవాటి కర్ర చివర కట్టి, దూరం నుంచే గొయ్యి మీదికి చాచారు. అది చెవులు చిల్లులు పడేలా మోగింది.

హైమావతి ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది.

"నూనె పట్టి మీటరు ఆగిపోయిందని నువ్వు కనిపెట్టావు. గ్యాసు పట్టి నీ ముక్కు ఆగిపోయింది. అది ఎవరు కనిపెట్టాలమ్మా?" అన్నారాయన.

అయినా హైమావతి అంకెను మాత్రం వదల్లేదు. గాలి సిలిండరు మాస్కు, తొడుగులు వేసుకుని, ఒకరిని తోడు నిలబెట్టుకుని, గొట్టానికున్న కుళాయి నుంచి నీళ్లు పట్టింది. చేతి మీటరును ముందు పీహెచ్ తెలిసిన ద్రావణంలో ముంచి సరిచూసుకుంది. తర్వాత ఆ నీళ్లలో ముంచింది.

నాలుగు. ఆమ్లమే.

గేటు ఎత్తలేదు. చెరువు బతికిపోయింది.

ఆరుబయటికొచ్చి మాస్కు తీశాక ఖాదర్ గారు అడిగారు: "ఇప్పుడేమైనా వాసన వస్తోందా?"

హైమావతి ముక్కు ఎగబీల్చలేదు. భుజానికి తగిలించుకున్న అలారం వైపు చూసింది.