ఎలుగుబంటి వేసిన గట్టి అతుకు

సుద్దకోన అడవిలో ఒక పాత మండపం ఉండేది. మెత్తటి సున్నపురాళ్ళతో ఎవరో ఎప్పుడో కట్టి వదిలేశారు. వానాకాలంలో జింకలు, కుందేళ్ళు, తల్లి ఎలుగుబంటి, దాని ఒక్కగానొక్క పిల్ల అందులోనే తలదాచుకునేవి. ఆ అడవిలో తడవని చోటు అదొక్కటే.

ఏటా వానలు వెలిసేసరికి రాళ్ళ మధ్య అతుకులు రాలిపోయేవి. ముసలి ముళ్ళపంది పాత సున్నపు బట్టీ గుంటలో నానిన సున్నం తెచ్చి, వాగు ఇసుక కలిపి, మళ్ళీ పూడ్చేది. ఇసుక మాత్రం అందరూ మోయాలి. ఆ పనంటే ఎలుగుబంటికి ఒళ్ళుమంట.

ఒక ఏడు అది అతుకును గోటితో గీరింది. జలజలా పొడి రాలింది.

"ఇదేం పని అవ్వా! గోరు తగిలితేనే రాలుతోంది" అంది.

"రాలేది అతుకే కదా తల్లీ, రాయి కాదు కదా! గోడ తాగిన నీళ్ళు అందులోంచే ఆరిపోవాలి. అతుకెప్పుడూ రాయి కంటే మెత్తగానే ఉండాలి" అంది ముళ్ళపంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా! ఎలుగుబంటి ఆ మాట చెవిన పెట్టలేదు. రోడ్డు పని దగ్గర మనుషులు వదిలేసిన సిమెంటు మోసుకొచ్చి ముందు గోడల అతుకులన్నిటా దట్టించింది. ఇక ఇసుక మోసే పని తప్పిందని జంతువులన్నీ గంతులేశాయి. ముళ్ళపంది బతిమాలుకుంటే వెనక గదిని మాత్రం సున్నపు అతుకులతోనే దానికి వదిలేశాయి.

మొదటి ఏడు గోడ బాగానే ఉంది. తరువాత రాళ్ళ మీద తెల్లగా ఉప్పు పూసింది. బయటికి దారిలేని నీళ్ళు రాళ్ళలోనే నిలిచిపోయాయి. రాళ్ళు పొరలు పొరలుగా ఊడసాగాయి. జింకలు, కుందేళ్ళు భయపడి వెనక గదికి మారాయి.

"పిల్లను తీసుకుని నువ్వూ రా తల్లీ" అంది ముళ్ళపంది.

"నా అతుకు చూడు అవ్వా, చెక్కు చెదరలేదు!" అంది ఎలుగుబంటి. పాపం, దాని కళ్ళు అతుకునే చూశాయి, రాయిని చూడలేదు.

ఆ ఏటి వానల ముసురులోనే, తల్లి తేనె కోసం వెళ్ళినప్పుడు, గోడ కూలింది. పిల్ల దాని కింద ఉండిపోయింది.

ఎలుగుబంటి పరుగెత్తుకొచ్చి తవ్వింది. దాని చేతికి తడిసిన రాతిపొడి వచ్చింది. సిమెంటు అతుకులు మాత్రం, తేనె పిండేసిన పట్టులా, గళ్ళు గళ్ళుగా మిగిలి ఉన్నాయి.

"నా అతుకు నిలిచిందే అవ్వా! నా బిడ్డ పోయిందే!" అని గుండెలు బాదుకుంది.

ముళ్ళపంది కూడా పక్కనే కూర్చుని తవ్వసాగింది.

నీతి: కాపాడవలసిన దాని తత్వం తెలుసుకోకుండా చూపే బలం దాన్నే కూలుస్తుంది.