ఈల తిరిగి ఇచ్చేద్దామని వెళ్లిన డాక్టరు

మేజర్ నర్సింగరావు ఆ ఆదివారం పొద్దున్నే ఈలనీ, మైదానం గది తాళంచెవుల్నీ రుమాల్లో మూటగట్టుకుని జహంగీర్ ఉస్తాద్ దగ్గరికి బయల్దేరాడు. ఫుట్‌బాల్‌కి ఇక దండం పెట్టేద్దామని నిశ్చయించుకున్నాడు.

ఆయన కంటోన్మెంటులో సైనిక డాక్టరు. ఇంట్లో భార్య భాగ్య, ఏడేళ్ల కూతురు. అది చాలదన్నట్టు బజారు జట్టుకి కోచ్ కూడా. పంక్చర్ల కనకయ్య, ఇద్దరు దర్జీలు, ఒక పాలాయన, సెలవు దొరికినప్పుడు నలుగురు సిపాయిలు, ఇదీ జట్టు. గెలిస్తే మిరపకాయ బజ్జీలు, ఓడితే ఉత్త టీ.

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లని లోకం చాలామందిని చూసింది. ఈయన మూడో పడవని చేత్తో పట్టుకున్నాడు. పైగా ఏ పనీ ఇంకొకరికి వదలడు. ఆసుపత్రిలో కట్టు తనే కట్టాలి. కూతురి లెక్కల పుస్తకం తనే చూడాలి. మైదానంలో బంతికి గాలి కూడా తనే కొట్టాలి, పంక్చర్ల కనకయ్య పక్కనే నిలబడి ఉన్నా సరే. కూతురి పుట్టినరోజు ఫోటోలో అందరూ చప్పట్లు కొడుతుంటే కేకు ముందు తండ్రి కునికిపాట్లు పడుతున్నాడు.

అంతవరకూ నవ్వుకోవచ్చు. శుక్రవారం జరిగింది మాత్రం నవ్వేది కాదు. ఒక సిపాయికి మందు చీటీ రాస్తూ మోతాదులో ఒక సున్నా ఎక్కువ వేశాడు. సిస్టర్ ఏలియమ్మ ఆ చీటీతో వెనక్కి వచ్చి, "సార్, ఇది ఒక్కసారి చూడండి" అంది మెల్లగా.

చీటీ సరిదిద్దాడు, సిపాయికి ఏమీ కాలేదు. కానీ ఆ సున్నా ఆయన కళ్లముందు నుంచి కదల్లేదు. ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోయే మనిషికి రెండు రాత్రులుగా రెప్ప వాలలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ప్రాణాలతో చెలగాటమాడే బదులు ఆటనే వదిలేస్తే సరి అనుకున్నాడు. తను వదిలేస్తే జట్టు నిలబడదని తెలుసు. అదొక బాధ.

ఆ రోజు బావమరిది బిడ్డని తొట్టెలలో వేసే వేడుక. కూతురు ముందురోజే మేనమామ ఇంటికి చేరిపోయింది. పట్టుచీర కట్టుకున్న భాగ్యని కారులోనే కూర్చోబెట్టి, "రెండే నిమిషాలు" అని మైదానంలోకి నడిచాడు నర్సింగరావు. ఆయన రెండు నిమిషాలు ఎంతసేపో భాగ్యకి పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది.

ఉస్తాద్ నడుం వంచి డబ్బాతో సున్నం గీత పోస్తున్నాడు. డెబ్భై దాటిన మనిషి. నర్సింగరావు చిన్నప్పుడు బంతిని ఆపడం నేర్చుకున్నది ఆయన దగ్గరే.

"ఉస్తాద్, ఇవి తీస్కోండి. ఇంక నాతోటి కాదు."

ఉస్తాద్ మూటవైపు చూశాడుగాని చెయ్యి చాపలేదు.

"తీస్కుంట బేటా. ముందుగాల ఆ బంతి పట్టుకొని గీత బయట నిలబడు. త్రో వేసి, దాన్ని గోల్లకు పంపియ్యి."

ఇదెంత పని అనుకున్నాడు డాక్టరు. రెండు చేతులతో తల మీదుగా బంతి విసిరాడు. దాని వెనకే పరిగెత్తి కాలితో తన్నబోయాడు. ఉస్తాద్ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు.

"ఫౌల్."

"ఏం ఫౌల్ ఉస్తాద్?"

"త్రో వేసినోడు, ఇంకొకరు ముట్టేదాక మళ్ల ముట్టొద్దు. జట్టోళ్లకు నువ్వే చెప్తవు గద."

నర్సింగరావు నాలుక కరుచుకున్నాడు. బంతి తెచ్చి మళ్లీ విసిరాడు. పాడు అలవాటు, కాళ్లు వాటంతటవే పరిగెత్తాయి. మళ్లీ ఈల మోగింది.

మూడోసారి విసిరి, పళ్లు బిగబట్టి గీత దగ్గరే నిలబడ్డాడు. బంతి దొర్లి దొర్లి గడ్డిలో ఆగిపోయింది.

"మరి ఎట్ల ఉస్తాద్? ఎవ్వరూ లేరు."

ఉస్తాద్ మళ్లీ వంగి సున్నం పోయడం మొదలుపెట్టాడు.

కారు తలుపు చప్పుడైంది. భాగ్య కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గడ్డి మీద నడుచుకుంటూ వచ్చి, బంతిని ఒక్క తన్ను తన్నింది. బంతికంటే ముందు చెప్పు వచ్చి మొగుడి కాళ్ల దగ్గర పడింది. వెనకాల బంతి వచ్చింది.

నర్సింగరావు పక్కున నవ్వాడు. శుక్రవారం తర్వాత అదే మొదటి నవ్వు. బంతిని గోల్లోకి తన్నాడు. ఈసారి ఈల మోగలేదు.

"నేను ఈడనే ఉన్న గద. నాకు వెయ్యొచ్చు గద," అంది భాగ్య, ఒంటికాలి మీద నిలబడి.

ఆయన చెప్పు తీసుకుని ఆమె దగ్గరికి వెళ్లాడు. దాన్ని చేతిలో పట్టుకునే సున్నా సంగతి మొత్తం చెప్పాడు.

"రెండు రాత్రులు ఒక్కరే మోసిన్రా?" అంది భాగ్య.

అంతే, గుండె మీది బండ దిగినట్టయింది. కళ్లు తుడుచుకుని, మూట మళ్లీ ఉస్తాద్ ముందు పెట్టాడు.

"నాకెందుకు బేటా? నేను ముసలోన్ని. ఉరికేటోనికి ఇయ్యి."

ఆ సాయంత్రమే ఆ మూట కనకయ్యకి చేరింది. "గాలి కొట్టుడు గూడ నేర్పున్రి డాక్టర్ సాబ్, నాకు రాదు గద," అని కనకయ్య వేళాకోళమాడాడు. సోమవారం పొద్దున ఆసుపత్రిలో, "నేను రాసిన ప్రతి చీటీ నాకే చదివి వినిపించాలి సిస్టర్. అనుమానం వస్తే ఆపేయండి" అన్నాడు డాక్టరు. ఏలియమ్మ, "ఇన్నాళ్లూ అడుగుతారేమోనని చూశాను సార్" అంది. లెక్కల పుస్తకం తల్లి చేతికి వెళ్లింది. కూతురికి మార్కులేమీ తగ్గలేదు. తండ్రికి అది కాస్త చిన్నతనంగానే అనిపించింది.

మళ్లీ ఆదివారం పక్క బస్తీ జట్టుతో పోటీ. చెరొక గోల్ అయింది, ఇంకా పది నిమిషాలుంది. పాలాయన కాలు మడతపడి కుంటుతున్నాడు. ఎవర్ని దింపాలో అడుగుదామని కనకయ్య గీత దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

బెంచీ మీద డాక్టరు భార్య భుజాన తల వాల్చి, నోరు తెరిచి, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

"డాక్టర్ సా..."

ఉస్తాద్ వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"లేపకు. ఆయన త్రో వేసేసిండు."