చరణం ముందు దగ్గు

పరాంకుశదాసుగారిని ఏ సందేహం అడిగినా, ముందొక కీర్తన పాడమనేవారు. ఆయన దగ్గర హరికథ నేర్చుకున్న వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు, అందరికీ అది విసుగే. ఆ పొద్దున గోవర్ధనానికి మరీ విసుగు. అవతల కొంప మునుగుతుంటే కీర్తనేమిటి?

"పాడతాను గానీ, ముందు నా గోడు వినండి గురువుగారూ! మావాడు మార్కండేయ లేడూ, వాడిప్పుడు మార్క్ అట. ర్యాప్ పాడే జట్టులో చేరాడు. రాజమండ్రి ఎండలో నల్ల హుడీ, కళ్లమీద పడే జుట్టు, మెడలో గొలుసు! నలుగురికీ అదే వేషం, అదే నడక. మొన్న వెనకనుంచి చూసి, మావాడే అనుకుని ఇంకొకణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. ఇదేం ఖర్మరా అంటే 'ఇదే నేను నాన్నా' అంటాడు. ఇంకొకళ్ల అచ్చు దిగినవాడికి 'నేను' ఎక్కడిదండీ? సాయంత్రంలోగా ఆ జుట్టు తీయించుకో, లేదా గడప దాటు అని చెప్పి వచ్చాను. వెధవ, బట్టలు సర్దుకుంటున్నాడు! నేనన్నదాంట్లో తప్పుందా?"

"పాడు" అన్నారు దాసుగారు.

పళ్లు నూరుకుంటూ చిరతలు అందుకున్నాడు గోవర్ధనం. పల్లవి అయింది. చరణం ఎత్తుకోబోతూ ఎడమ భుజం ఎగరేసి, రెండుసార్లు దగ్గి, అప్పుడు గొంతు విప్పాడు.

"ఆగు. ఎందుకు దగ్గావు?"

"అక్కడ దగ్గాలి కదండీ! మీరు నేర్పిన బాణీయే."

"నా తలకాయ! నాకు ఉబ్బసం. చరణం దగ్గరికొచ్చేసరికి ఊపిరందక చచ్చేవాణ్ణి. నీకేం రోగం?"

సరిగ్గా అప్పుడే, వసారాలో సాధన చేస్తున్న తక్కిన శిష్యులు అదే చరణానికి వచ్చారు. అందరూ కలిసికట్టుగా దగ్గారు. దాసుగారు నుదురు కొట్టుకున్నారు.

గోవర్ధనానికి చెవులు ఎర్రబడ్డాయి. ఈ పాడు దగ్గు ఈ క్షణమే మానేస్తానని మళ్లీ ఎత్తుకున్నాడు. భుజాన్ని రెండో చేత్తో నొక్కిపెట్టాడు కూడా. చరణం దగ్గరికి రాగానే దగ్గు దానంతటదే వచ్చేసింది. అది లేకుండా తన గొంతెలా ఉంటుందో తనకే తెలియదని అప్పుడు తెలిసి హడలిపోయాడు. చిరతలు కింద పెట్టి, గబగబా ఇంటికి ఫోన్ చేశాడు.

"వాణ్ణి గడప దాటనివ్వకు. జుట్టు సంగతి నేనిక ఎత్తనని చెప్పు" అన్నాడు భార్యతో.

దాసుగారు విసుగ్గా చిరతలు తీసి మళ్లీ అతని చేతిలో పెట్టారు.

"వాడికింకా పదహారే. నీకు యాభై రెండు. ఊఁ, మళ్లీ మొదటినుంచి పాడు."