లతీఫ్ బాబా తెప్పించిన మంచం

హైమవతి కంటినిండా నిద్రపోయి పది రోజులైంది. నలుగురికీ ఇళ్లు కట్టించే ఇంజనీరుకు ఇళ్ల మూలంగానే నిద్ర కరువవడం విడ్డూరమే గాని, ఆమెకు వచ్చిన చిక్కు అలాంటిది.

బెజవాడలో కొండలెక్కిన పేటల్లో ఒక పేట అది. కింద జాగా లేక జనం పైకి, ఇంకా పైకి కట్టుకుంటూ పోయారు. కిందటి వానాకాలం బండరాళ్లు జారి నలభై ఆరు ఇళ్లు నేలమట్టమయ్యాయి. పట్టపగలు జరగబట్టి, జనం పనుల్లో ఉండబట్టి ప్రాణాలు దక్కాయి. అప్పటినుంచీ ఆ కుటుంబాలన్నీ కొండ కింద రేకుల షెడ్లలో ఉంటున్నాయి. వాన పడితే ఆ షెడ్లలో మోకాలి లోతు నీళ్లు.

ఉగాది వెళ్లి వారమైంది. వానలకు ఇంక రెండున్నర నెలలు. ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ కూర్చుంటే అయ్యే పని కాదు. అందుకని ఇళ్లను ఫ్యాక్టరీలోనే తయారు చేయించి తేవాలని ఆఫీసులో తీర్మానించారు. కొండ మీద రాళ్లు జారని చోటు చూసి పునాదులు కూడా వేశారు. ఎలాంటి ఇళ్లు తేవాలో తేల్చి, రేపు పొద్దున పదింటికి ఫైలు మీద సంతకం పెట్టవలసింది హైమవతి.

ఫైల్లో మూడు రకాలున్నాయి. మొదటిది గదికి గదే ఫ్యాక్టరీ నుంచి వచ్చేది. రెండోది ఒక్కో గోడా ఒక్కో పలకగా వచ్చేది. మూడోది ఇద్దరు మనుషులు ఎత్తగలిగే చిన్న పలకలు, కొండ మీదికి చేర్చాక ఒకదానికొకటి బోల్టులతో బిగించుకోవాలి. బలంలో మూడూ మూడే. హైమవతి మనసు మాత్రం మొదటిదాని మీదే ఉంది. ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు ఆ గదిలో కుళాయి తిప్పి చూసింది. నీళ్లొచ్చాయి. ఇంకేముంది, ఆ గదికి అక్కడే పడిపోయింది. మూడోదాన్ని చూసి, ఇదేం బొమ్మరిల్లు అని నవ్వింది కూడా.

పెద్ద గదులు కొండెక్కాలంటే మెట్లదారి వెడల్పు చేసి, పట్టాలు పరిచి, పైకి లాగాలి. అందుకు దారిలో ఉన్న పందొమ్మిది ఇళ్ల అరుగులు కొట్టేయాలి. ఆ ముక్క ఆమే రాసింది, తప్పదనే రాసింది. కానీ ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి రోజూ కలం ఆగిపోతోంది.

కొండ నడుమ ఒక చిన్న గదిలో లతీఫ్ బాబా అనే ఫకీరు ఉంటాడు. తల్లి చనిపోయినప్పటి నుంచీ హైమవతి ప్రతి గురువారం ఆయన దగ్గరికి వెళ్లి కాసేపు కూర్చుని వస్తుంది. ఆ రోజు గురువారం కాకపోయినా వెళ్లింది. ఫైలు తెరిచి మూడు బొమ్మలూ ఆయన ముందు పెట్టింది.

"ఏది మంచిదో మీరు చెప్పండి బాబా. మీరు ఏదంటే అది."

బాబా బొమ్మలు చూశాడు. కుళాయి ఉన్న బొమ్మ దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగాడు. ఫైలు మూసి ఆమె చేతికిచ్చాడు.

"కింద నాగలింగాచారి కొట్లో నాకు మంచం తయారైంది బేటీ. తెచ్చిపెడతావా? తర్వాత మాట్లాడుకుందాం."

బాబా పుట్టి బుద్ధెరిగిననాటి నుంచీ చాప మీద తప్ప పడుకుని ఎరగడు. ఇప్పుడీ మంచం కోరిక ఏమిటో హైమవతికి అర్థం కాలేదు. నెత్తి మీద ఇంత బరువు పెట్టుకుని వస్తే మంచం మోయమంటాడేమిటని కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. అయినా మెట్లు దిగింది.

ఆచారి కొట్లో నాలుగు మంచం కోళ్లు, నాలుగు పట్టెలు తాడుతో కట్టి సిద్ధంగా ఉన్నాయి. పక్కన నవారు చుట్ట.

"ఇదేమిటండీ, ముక్కలుగా ఉంది? పైన ఎవరు బిగిస్తారు? ఇక్కడే బిగించి ఇవ్వండి" అంది హైమవతి.

ఆచారి ఏదో చెప్పబోయాడు. ఆమె మెళ్లో వేలాడుతున్న ఆఫీసు కార్డు చూసి ఆగిపోయాడు. చెక్కసుత్తితో నాలుగు దెబ్బలు వేసి మంచం నిలబెట్టాడు. ఇద్దరు పడుకోవచ్చు, అంత మంచం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. సింహాద్రి అనే కూలీ, అతని తమ్ముడు చెరోవైపు పట్టుకున్నారు. నవారు చుట్ట హైమవతి భుజాన వేసుకుంది.

అరవై మెట్ల దాకా బాగానే సాగింది. అక్కడ దారి మలుపు తిరుగుతుంది. ప్లానులో ఆ మలుపు దగ్గర దారి అయిదడుగులు. ప్లానులో కుళాయి కింద వరసగా పెట్టిన బిందెలు లేవు, బట్టలుతికే బండ లేదు, దారిలో పెట్టిన మంచినీళ్ల డ్రమ్ము లేదు. మంచాన్ని అడ్డంగా తిప్పారు. పక్కకు వాల్చారు. నిలబెట్టారు, పైన రేకుల చూరు తగిలింది, చూరు కింద కరెంటు తీగ. వెనక్కి పోదామంటే నీళ్లు పట్టుకుని ఎక్కుతున్న ఆడవాళ్లు పదిమంది ఆగిపోయి ఉన్నారు. మంచం అటూ పోదు, ఇటూ రాదు. హైమవతికి తల ప్రాణం తోకకొచ్చింది.

సింహాద్రి చెమట తుడుచుకుని చుట్టూ చూశాడు.

"ఈ అరుగు మూల కాస్త కొట్టేస్తే పోద్దమ్మా" అన్నాడు మామూలుగా.

ఆ అరుగు మీద ఒకావిడ చేటలో బియ్యం ఏరుకుంటోంది. ఆ మాట విని చెయ్యి ఆపింది. సింహాద్రి వంక చూడలేదు, హైమవతి మెళ్లో కార్డు వంక చూసింది.

హైమవతి ముఖం మాడిపోయింది. చంకలో ఉన్న ఫైల్లో తను రాసిన వాక్యమూ అదే. కాకపోతే అందులో పందొమ్మిది అని అంకె ఉంది, ఇక్కడ చేట పట్టుకున్న మనిషి ఉంది.

వెనక వరసలోంచి ఒక ముసలావిడ బిందె దించి ముందుకొచ్చింది. పేరు గవరమ్మ. రాళ్లు జారినప్పుడు ఇల్లు పోయినవాళ్లలో ఆమె ఒకతె. రేకుల షెడ్డులో ఉంటూనే, పైన ఉన్న కూతురింటికి రోజూ నీళ్లు మోస్తుంది.

"ఎవరమ్మా దీన్ని కిందే బిగించింది?"

"నేనే" అంది హైమవతి.

"ఈ కొండ మీదికి మంచం మంచంగా రాదమ్మాయ్. కోళ్లుగా, పట్టెలుగా వచ్చుద్ది. పైకొచ్చాక మంచమవుద్ది."

గవరమ్మ బట్టలుతికే బండ పక్కనున్న రాయి తీసి, అతుకుల దగ్గర నాలుగు దెబ్బలు వేసింది. మంచం విడిపోయింది. ఒకావిడ చంకలో బిందెతోనే కోడు అందుకుంది. ఇంకొకావిడ పట్టె భుజాన వేసుకుంది. అరుగు మీది ఆవిడ కూడా చేట పక్కన పెట్టి ఒక పట్టె పట్టుకుంది. హైమవతి ఊపిరి తీసుకునేలోగా మంచం మలుపు తిరిగి వెళ్లిపోయింది.

ఆమె పైకి చేరేసరికి బాబా, గవరమ్మ ఎదురుబొదురుగా కూర్చుని పట్టెలు బిగిస్తున్నారు. ఒక కోడు ఊగింది. గవరమ్మ చిన్న చెక్కముక్క చూసి సందులో దిగ్గొట్టింది. ఊపు ఆగింది. నవారు అల్లారు. బాబా అరచేత్తో మంచం మీద తట్టి చూశాడు.

"రా బేటీ. ఇప్పుడు అడుగు. ఏదో అడిగావుగా?"

హైమవతి మంచం అంచున కూర్చుంది. ఫైలు తెరిచింది. పందొమ్మిది అరుగుల వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసింది. మూడో రకం ఎదురుగా టిక్కు పెట్టి, కింద సంతకం చేసింది. పది రోజుల నుంచి కదలని కలం ఒక్క నిమిషంలో పని ముగించింది. గుండెల మీంచి బండ దింపినట్టయింది ఆమెకు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

"మామ్మా, ఇంటి గోడలు ఇలా ముక్కలుగా వస్తే మీవాళ్లు పైకి మోస్తారా? కూలి ఆఫీసే ఇస్తుంది."

"మేం మొయ్యంది ఈ కొండ మీద ఏవుందమ్మా?" అంది గవరమ్మ. ఆగి, "వానల్లోపు అయిపోద్దా?" అని అడిగింది.

"అయిపోతుంది."

గవరమ్మ బిందె ఎత్తుకుని కూతురింటి వైపు మెట్లెక్కింది. వచ్చినప్పటికన్నా తేలిగ్గా నడిచింది.

హైమవతి ఫైలు మూసింది.

"అడగడానికి ఇంకేం లేదు బాబా."

బాబా లేచి గోడవార తన చాప పరుచుకున్నాడు.

"అయితే పడుకో తల్లీ" అన్నాడు. "మంచం నీ కోసమే."