మోతీ గుండె

చెవుల్లో స్టెతస్కోపు గొట్టాలు పెట్టుకున్నంత మాత్రాన విన్నట్టు కాదు. వినపడని దాన్ని విన్నానని చెప్పే అలవాటు నీకూ ఉంటే తల పక్కకు తిప్పుకోకు. ఈ కథ నీకే చెబుతున్నాను.

నంద్యాలలో భుజంగరావు గారని ఒక పశువైద్యుడు ఉండేవారు. కుక్కలకూ పిల్లులకూ వచ్చే గుండె జబ్బులు కనిపెట్టడంలో ఆయనది అందె వేసిన చేయి. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి గిరిధర్ చేరాడు. కాలేజీలో బంగారు పతకం తెచ్చుకున్నవాడు. చేరిన వారంలోనే కాంపౌండర్ ఓబులేసుతో, "పిల్లి గుండెలో చీమ నడిచినా నాకు వినపడుతుంది" అన్నాడు. అంత మాట అన్నాక ఎవరినైనా ఏదైనా అడగాలంటే అతనికి నోరు రాలేదు.

ఆ ఆసుపత్రిలో ఒక కట్టడి ఉంది. మత్తు ఇచ్చే ముందు ఏ జంతువు గుండెనైనా నిండా ఒక నిమిషం వినాలి. విన్నది కాగితం మీద రాయాలి. చప్పుడులో తేడా ఉంటే మత్తు మాట పక్కన పెట్టి, ముందు గుండెకు స్కానింగ్ తీయాలి.

ఒకరోజు ఉదయం రహమత్ బీ తన పిల్లి మోతీని తీసుకొచ్చింది. ఆమె బట్టలు కుట్టి బతికే మనిషి. పిల్లలు పుట్టకుండా మోతీకి ఆపరేషన్ చేయించాలి. ఆ ఇంట్లో వాళ్లిద్దరే, మూడో ప్రాణి లేదు.

"మిషన్ ఎంత మోత పెట్టినా నా కాళ్ల కాడే పడుకుంటాది సాబ్. జాగ్రత్త" అని చెప్పి బయట బెంచీ మీద కూర్చుంది.

గిరిధర్ పిల్లి రొమ్ముకు స్టెతస్కోపు ఆనించాడు. మోతీ అతని మోచేతికి తల రుద్ది గుర్రుమనడం మొదలుపెట్టింది. చెవుల నిండా పిండిమర తిరిగినట్టు మోత. ఆ మోత అడుగున గుండె ఎక్కడుందో తెలియలేదు. ఇటు జరిపి చూశాడు, అటు జరిపి చూశాడు. పిల్లికి మరింత హాయిగా అనిపించిందేమో, ఇంకా గట్టిగా గుర్రుమంది.

గురువు పక్క గదిలోనే ఉన్నారు. తలుపు తీసే ఉంది. వినపడటం లేదు సార్ అని ఒక్క కేక వేస్తే చాలు.

పిల్లిని పట్టుకున్న ఓబులేసు నవ్వాడు. "ఏంది సార్, ఇంతసేపు? చీమ నడుస్తా ఉందా, లేక కూచోని అలుపు తీర్చుకుంటా ఉందా?"

గిరిధర్ మొహం కందిపోయింది. కాగితం లాక్కుని రాశాడు, 'గుండె చప్పుడు మామూలుగా ఉంది' అని.

భుజంగరావు గారు వచ్చి ఆ కాగితం చూశారు.

"విన్నావా?"

"విన్నాను సార్."

మత్తు ఎక్కిన పది నిమిషాలకు మోతీ గుండె తడబడింది. కాసేపటికి ఆగింది. ఆయన కత్తి పక్కన పడేసి, చేత్తో దాని రొమ్ము నొక్కుతూనే ఉన్నారు. అది తిరిగి కొట్టుకోలేదు.

బయటికి వెళ్లి, పిల్లి పోయిందని రహమత్ బీకి ఆయనే చెప్పారు. కారణం తెలియాలని ఆమె కూడా ఒప్పుకున్నాక పిల్లి రొమ్ము తెరిచి చూశారు. గుండె గోడలు దళసరెక్కి, లోపల నెత్తురు నిలవడానికి చోటే లేకుండా ఉంది. దాన్ని గిరిధర్‌కు చూపించి, జబ్బు సంగతి బయట ఆమెకు చెప్పి వచ్చారు. తిట్టలేదు. చీలిక కుట్టి, పిల్లిని తువ్వాలులో చుట్టి అతని చేతుల్లో పెట్టారు.

"ఆమెకు అప్పగించు. ఎలా జరిగిందో నువ్వే చెప్పు."

కొన్ని జంతువులకు మత్తు పడదమ్మా అని చెబుదామని తలుపు దాకా మనసులో అనుకుంటూ నడిచాడు.

రహమత్ బీ లేచి నిలబడింది. "దానికి గుండె జబ్బు ఉన్నిందంట కదా. నువ్వు విన్నప్పుడు తెలీలేదా బాబూ?"

గిరిధర్ అనుకున్న మాట వదిలేశాడు.

"నాకేమీ వినపడలేదమ్మా. విన్నానని రాశాను."

ఆమె శాపనార్థాలు పెట్టలేదు. తువ్వాలు అంచు సర్ది పిల్లిని ఒళ్లోకి తీసుకుంది.

"కొత్తోళ్లు ముట్టుకుంటే గీరేసేది. నీ చేతిలో గుర్రుమనింది. లోపలి నుంచి వినపడతా ఉంటే మంచోడి చేతిలో పడిందిలే అనుకున్నా."

ఆ ఒక్క మాట అని వెళ్లిపోయింది.

మర్నాడు ఇంకో పిల్లి వచ్చింది. అదీ గుర్రుమంటోంది. గిరిధర్ తల దించుకుని, ఓబులేసు ముందే అడిగాడు.

"సార్, గుర్రుమనే పిల్లి గుండె ఎలా వినాలి?"

భుజంగరావు గారు లేచి వచ్చారు. గోడ దగ్గరికి నడిచి కొళాయి తిప్పారు. నీళ్ల చప్పుడుకు పిల్లి చెవులు నిక్కించింది. గుర్రు ఆగింది. కళ్లతోనే సైగ చేశారు. గిరిధర్ విన్నాడు. ఒక్కొక్క దెబ్బా విడివిడిగా, స్పష్టంగా వినపడింది.

నిమిషం గడిచాక ఆయన కొళాయి కట్టేశారు.

"నిన్న కూడా దీంట్లో నీళ్లు ఉన్నాయి" అన్నారు.

గిరిధర్ అక్కడ ఇంకో ఆరేళ్లు పనిచేశాడు. పని బాగా నేర్చుకున్నాడు. అతని చెవి నిజంగానే పదునెక్కింది, మాటలో మళ్లీ తేడా రాలేదు. అయినా ఆ ఆరేళ్లలో అతను విన్నాను సార్ అన్న ప్రతిసారీ గురువు కుర్చీలోంచి లేచి వచ్చి, మళ్లీ తానే విన్నారు. మోకాళ్లు పట్టేసి లేవలేని రోజుల్లో జంతువును తన ఒళ్లోకి తెప్పించుకుని విన్నారు.